నవలపై వాదవ్యాసము : ‘మాలపల్లి’ ఆధారముగ ఒక బోధనక్రమము

“మాలపల్లి నవలలోని సంగదాసు పాత్రను చిత్రింపుము.” ఈ విధమైన ప్రశ్నను తెలుగు చదువుకొన్న ప్రతివారును ఎరుగుదురు. దానికి వ్రాయబడు సమాధానమును గూడ ఎరుగుదురు. మొదట గ్రంథకర్త పరిచయము, పిదప కథాసంగ్రహము, ఆమీద పాత్రయొక్క సుగుణముల పట్టిక, తుదకు ఇట్టి పాత్ర న భూతో న భవిష్యతి యను ముగింపు. ఇందులో అబద్ధమేమియు లేదు, ఆలోచనయు లేదు. గైడు పుస్తకము కొన్నవాడును, కొననివాడును ఒకే మాట వ్రాయుదురు. నవల చదివినవాడెవడో, చదువనివాడెవడో దిద్దువారికి తెలియదు.

ఈ లోపము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందును లేకపోలేదు. కాని అచ్చట తెలుగు వార్తాపత్రికలోను, రాజకీయ సభలోను, కచేరి అరుగుపైనను నిత్యము వాదించుచునే యున్నది. తరగతిలో నేర్పకున్నను అది విద్యార్థి చెవిని పడును. హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురము, షోలాపురము మొదలగు చోటుల పెరుగు తెలుగు బిడ్డకు ఆ సౌకర్యము తక్కువ. అతడు ఇంట తెలుగు వినును. వాదమును మాత్రము తమిళమునందో, కన్నడమునందో, ఒడియాయందో, మరాఠీయందో, ఇంగ్లీషునందో నేర్చును. యానామునందు ఊరిభాషయే తెలుగగుటచే ఈ ఇబ్బంది అంతగా కానరాదు. తమిళనాట 2006వ సంవత్సరపు శాసనముచే పాఠశాలలందు తమిళము క్రమక్రమముగా నిర్బంధభాష యైన పిమ్మట, తెలుగునకు మిగిలిన గంటలు మరింత విలువైనవైనవి. ఆ కొద్ది గంటలను పాత్రల సుగుణములను వల్లెవేయించుటకు వెచ్చించినచో, తెలుగు పెండ్లిపందిటి ముచ్చటలకును, పండుగనాటి పాటలకును చాలిన భాషగా నిలిచిపోవును. ఒక విషయమును గూర్చి ఔననుటకును కాదనుటకును, ఎందుచేత ననుటకును తన భాషలో మాటలు దొరకని యువకుడు దానిని ప్రేమించునేమో గాని, దానిలో ఆలోచింపడు.

వాదవ్యాసమనగా ఒక అభిప్రాయమును ముందుంచి, దానికి గ్రంథమునుండియే ఆధారములు చూపి, ఎదుటివారి ఆక్షేపణకు సమాధానము చెప్పి నిలబెట్టు వ్యాసము. ఇది పాశ్చాత్య విద్యాలయములనుండి దిగుమతి చేసికొన్న సరకని భావించువారు కలరు. ఆ భావము సరికాదు. పూర్వపక్షము, సిద్ధాంతము అను మాటలు మన పండితులకు నిత్యవ్యవహారములు. న్యాయశాస్త్రము చర్చను మూడు తెరగుల విభజించినది. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే లక్ష్యముగా చేయునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక, ఎదుటివాని పక్షమును పడగొట్టుట మాత్రమే పనిగా గలది వితండ. విద్యార్థుల వ్యాసములను దిద్దునపుడు ఈ విభాగమంత ఉపకరించు సాధనము మరియొకటి లేదు. గట్టిగా వ్రాసిన వ్యాసమెల్ల వాదము కాదు. అందు పెక్కులు జల్పములే.

ఆధునిక విమర్శలోను ఈ సంప్రదాయమునకు కొరతలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ 1914లో వెలువడినది. పింగళి సూరన కళాపూర్ణోదయ ప్రభావతీప్రద్యుమ్నములను పరిశీలించుచు, వర్ణనలకన్న కల్పనాశక్తికిని కథానిర్మాణమునకును పెద్దపీట వేయవలెనని రెడ్డిగారు వాదించిరి. తెలుగునాట దానిపై వాదప్రతివాదములు చెలరేగినవి. ఆ దినములలో రెడ్డిగారు మైసూరు మహారాజ కళాశాలలో ఆచార్యులుగ నుండిరి. ఆ కళాశాలయందే చిరకాలము తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి ‘వేమన’ 1929లో అచ్చయినది. వేమనను పొగడుటతో తృప్తిపడక, ఎచట అంగీకరింపవలెనో ఎచట అంగీకరింపరాదో తూచి చెప్పిన గ్రంథమది. తెలుగులో వాదించి వ్రాసిన ఉత్తమగ్రంథములు రెండు ఇట్లు మైసూరుతో ముడివడియుండుట కర్ణాటక వాసులైన తెలుగువారు తమ పిల్లలకు చెప్పదగిన సంగతి.

ఇక తరగతిలోని పని. ఒక నవలను తీసికొని చూచినగాని ఇది తేటపడదు. అందులకు ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ మిక్కిలి అనువైనది. ఇది తమిళనాటి రాయవేలూరు చెరసాలలో వ్రాయబడి 1922లో ప్రకటింపబడిన నవల. మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించినది. ఆ నిషేధము తొలగి, పాఠ్యగ్రంథముగా ఎన్నికయైన పిదప 1936లో మరల ఆటంకము కలిగి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన మీదట గాని దానికి స్వేచ్ఛ లభింపలేదు. తరగతి గదిలోనికి రానీయరాదని ఒకనాటి ప్రభుత్వము తలచిన పుస్తకము తరగతి గదిలో వాదమునకు తగినదగుట సహజమే.

కథ సంగ్రహముగా నిది. రామదాసు మాలపల్లెలో భక్తుడు, వేదాంతి, కొద్దిపాటి భూమి గల కాపు. అతని కుమారులు వెంకటదాసు, సంగదాసు. సంగదాసు భూస్వామి చౌదరయ్య యింట పాలేరు. చౌదరయ్య కుమారుడైన రామానాయునికి ప్రాణస్నేహితుడు. కూలి విషయమున పల్లెవారు ఒక్కమాటపై నిలుచుటకు అతడు తోడ్పడెను. చౌదరయ్య ఆగ్రహమునకు గురియై అతని చేతిలోనే మరణించెను. పిమ్మట వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడను పేరుతో ధనికులను దోచి పేదలకు పంచు దండునకు నాయకుడయ్యెను. రామదాసు కుటుంబము భూమిని పోగొట్టుకొని, సెటిల్మెంటు పాలై, చెల్లాచెదరయ్యెను. కట్టకడపట సంగదాసు పేర సంస్థలు వెలసెను. ఈ నవలకు ‘సంగవిజయము’ అని మరియొక పేరు కలదు.

ఆ రెండవ పేరే ఉపాధ్యాయునకు దొరికిన నిధి. నవల ముగియుటకు చాల ముందే సంగదాసు చంపబడినాడు. చంపినవానికి చాలకాలము ఏమియు కాలేదు. చంపబడినవాని ఇల్లు కూలిపోయినది. అయినను దీనికి సంగవిజయమని పేరు. ఆ పేరు న్యాయమా, కాదా? ఈ ప్రశ్నకు గైడు పుస్తకమున సమాధానము లేదు. అంతకన్న ముఖ్యముగా, నవలను శ్రద్ధగా చదివిన ఇద్దరు దీనికి రెండు విధముల బదులు చెప్పవచ్చును. ఇద్దరును పుటలు తిప్పి చూపవచ్చును. వాదమునకు తగిన ప్రశ్నను గుర్తించుటకు ఇదియే గీటురాయి. “ఈ నవలలోని సాంఘిక పరిస్థితులను వివరింపుము” అనునది ఆ గీటురాయిపై నిలువదు. అది వర్ణనను కోరునే గాని అభిప్రాయమును కోరదు. “అస్పృశ్యత మంచిదా, చెడ్డదా?” అనునదియు నిలువదు, దానికి రెండవ పక్షము లేదు, ఉండరాదు. “వెంకటదాసు చేసినది తప్పా?” అనునది దగ్గరకు వచ్చును గాని విద్యార్థిని నవల వెలుపలికి, తన నీతిబోధలలోనికి లాగికొనిపోవును. దానినే “వెంకటదాసు మార్గమును ఈ నవల సమర్థించుచున్నదా?” అని మార్చినచో విద్యార్థి పుస్తకమునకు మరలి వచ్చును.

తొలినాడు విద్యార్థి వ్రాయునది ఇంచుమించుగ ఇట్లుండును: “సంగదాసు చాలా మంచివాడు. పేదల కోసం పాటుపడ్డాడు. చివరికి ప్రాణం కూడా ఇచ్చాడు. కాబట్టి సంగవిజయం అనే పేరు బాగా సరిపోయింది.” ఇచట ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా సాధారణముగ అక్షరదోషములపై పడును. దోషములు దిద్దవలసినవే, కాని తరువాత. మొదట ఆ ‘కాబట్టి’ క్రింద గీత గీసి, ప్రక్కన ‘ఎందుచేత?’ అని ఒక్కమాట వ్రాసిన చాలును. మంచివాడగుటకును గెలిచినవాడగుటకును నడుమ వంతెన లేదు. మంచివారు ఓడిన కథలు లోకమున కోకొల్లలు. ఆ ‘కాబట్టి’ ఏ బరువును మోయక ఊరకే నిలుచున్నదని విద్యార్థి గ్రహించిన దినమే అతని వాదవిద్యకు అక్షరాభ్యాసము జరిగిన దినము.

మరునాటి వ్రాత ఇట్లు మారవచ్చును: “సంగదాసు చనిపోయాడు కాబట్టి ఓడిపోయాడని అనుకోవచ్చు. కాని అతడు కోరింది తన బతుకు కాదు, కూలివాళ్ల కట్టు. అతను పోయాక ఆ కట్టు చెదిరిందా, నిలిచిందా అన్నదే చూడాలి.” మాటలు పెద్దవి కావు. వాక్యములు ఇంటి తెలుగులోనే యున్నవి. అయినను ఇచట మూడు పనులు జరిగినవి. ఎదుటిపక్షమును తానే ముందుగా చెప్పుట, విజయమను మాటకు అర్థము నిర్ణయించుట, ఇక పుస్తకమున ఎచట వెదకవలెనో తనకు తానే దారి చూపుకొనుట. ఈ మూడింటిలో నడిమిది కీలకము. పెక్కు వ్యాసములు చెడునది ఆధారములు లేక కాదు. ముఖ్యమైన మాటకు అర్థము తేల్చుకొనకుండుటచేత.

ఆ మాటయందే మరియొక మెలిక కలదు. ‘సంగ’ అనునది సంగదాసు పేరులోని భాగము. సంఘమును సంగమని పలుకుటయు తెలుగునాట కలదు. ఇది ఒక వ్యక్తి విజయమా, సంఘము విజయమా? వ్యక్తి విజయమనువాడు రామానాయుని ప్రవర్తనను, సంగదాసు పేర వెలసిన సంస్థలను చూపును. సంఘ విజయమనువాడు పల్లెవారు కూలికై ఒక్కటైన ఘట్టములను చూపును. ఇంటిలో ‘సంగం’ అని పలుకు బిడ్డకు ఈ శ్లేష ఇట్టే తోచును. నిఘంటువులో ‘సంఘము’ను మాత్రమే చూచినవానికి తోచదు. ఇంటిమాటను తప్పుగా ఎంచి మొగ్గలోనే తుంచు ఉపాధ్యాయుడు ఇట్టి లాభమును పోగొట్టుకొనును.

ఇచట భాషను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. రాష్ట్రేతర విద్యార్థులకు వాదమునకు కావలసిన తెలుగు రాదను మాట తరచు వినవచ్చును. వారికి రానిది గ్రాంథికపు వాదభాష. వాదము మాత్రము వారి ఇండ్లలో పుష్కలముగా నున్నది. అవ్వ కోడలితో ‘అది సరేగాని’ అనును. మేనమామ ఆస్తి మాటలలో ‘పోనీ అట్లాగే అనుకో’ అనును. పొరుగింటావిడ ‘అంతమాత్రాన’ అని తగులుకొనును. ‘ఉన్నమాటే, కాదనను’, ‘అయితే మాత్రం’, ‘ఆ లెక్కన చూస్తే’, ‘ఇంతకీ’. ఇవన్నియు శాస్త్రవాదమున కావలసిన కీళ్లే. ‘అది సరేగాని’ యనునది పూర్వపక్షమును అంగీకరించి దాటుట. ‘పోనీ అట్లాగే అనుకో’ యనునది ఎదుటివాని మాటను తాత్కాలికముగ ఒప్పుకొని, దాని పర్యవసానమును చూపుట. ‘అంతమాత్రాన’ యనునది ఆధారము నిజమైనను నిర్ణయమునకు చాలదని చెప్పుట. ‘ఆ లెక్కన చూస్తే’ యనునది ఎదుటివాని సూత్రమును మరియొక చోట పెట్టి పరీక్షించుట. ఈ పలుకుబడులను నల్లబల్లపై వ్రాయించి, ఒక్కొక్కటి ఏ పని చేయుచున్నదో విద్యార్థులచేతనే చెప్పించిన పిదప, వానికి సరియగు ‘ఒప్పుకొనవలసినదే; కాని’, ‘ఒకవేళ అట్లే యైనను’, ‘అంతమాత్రముచేత’ మొదలగు వ్రాతరూపములను చెప్పినచో పరాయితనము పోవును. మొదట నోటివాదము, పిమ్మట వ్రాత. నోటివాదము ఏ ఊరి తెలుగులోనైనను సాగనిచ్చుట మేలు. మాలపల్లియే గుంటూరు సీమ వాడుకభాషను సాహిత్యమునకు ఎక్కించిన పుస్తకమని మరువరాదు.

ఆధారము చూపుటలో విద్యార్థులు రెండు విధముల పొరబడుదురు. కొందరు పుస్తకమునుండి అరపుట ఎత్తివ్రాసి, ఇక అంతయు స్పష్టమేనని ఊరకుందురు. మరికొందరు ‘నవలలో పలుచోట్ల’ అని తప్పించుకొందురు. ఎత్తివ్రాసినది రెండు పంక్తులు మించకుండుటయు, దానివెంట అది తన మాటను ఎట్లు బలపరచుచున్నదో నాలుగు పంక్తులైన చెప్పుటయు అలవాటు చేయవలెను. మాలపల్లికి ముద్రణలు పెక్కు గనుక పుటసంఖ్య ఒక్కటే చాలదు. భాగమును ప్రకరణమును గూడ పేర్కొనవలెను. పాత్ర పలికినదానిని గ్రంథకర్త పలికినదానిగా చూపుట ఇంకొక ప్రమాదము. వెంకటదాసు ఆవేశమున అన్న మాటను “ఉన్నవవారు ఇట్లు చెప్పిరి” అని ఎత్తుకొనుట న్యాయము కాదు. నవల అతనిచేత ఆ మాట పలికించి, పిదప అతనిని చెరసాల పాలుచేసినది. పలుకునకును పర్యవసానమునకును గల ఈ దూరమే నవల మాటలాడు తీరు. ఉపన్యాసమును చదివినట్లు నవలను చదువువానికి ఇది దొరకదు.

కాలపరిస్థితులను ఉపాధ్యాయుడు చెప్పియే తీరవలెను. సెటిల్మెంటు అనగా నేమో నేటి బాలునకు తెలియదు. నేరస్థజాతుల చట్టము 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించినది. దాని క్రింద కొన్ని కులములవారిని పుట్టుకచేతనే నేరస్థులుగా లెక్కించి కావలిలో నుంచెడివారు. గుంటూరు సీమలోని స్టూవర్టుపురము అట్టి సెటిల్మెంటుగా సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో నడచినది. ఈ చట్టము స్వాతంత్ర్యానంతరము గాని రద్దు కాలేదు. ఈ సంగతి తెలియనివానికి రామదాసు కుటుంబము అచ్చట చిక్కుకొనుట కేవలము దురదృష్టముగా తోచును. తెలిసినవానికి అది చట్టము చేసిన పనిగా కనబడును. రెండు వ్యాసముల మార్గములు ఇచటనే వేరగును. ఐనను చరిత్ర చెప్పుటకు ఒక గంట చాలును. అంతకు మించినచో నవల మరుగున పడి, చరిత్రవ్యాసము మిగులును.

మరియొక విషయమున జాగరూకత అవసరము. మాలపల్లిని చదువు తరగతిలో ఆ పల్లెలవంటి పల్లెలనుండి వచ్చిన బిడ్డలును ఉందురు. షోలాపురము మిల్లులకు, కోలారు బంగారుగనులకు పనికై తరలిన తెలుగు కుటుంబములలో అట్టివి పెక్కులు. వారి ఎదుట ఈ నవలను జాలిపాఠముగ బోధించుట వారిని అవమానించుటయే. జాలికి వాదముతో పనిలేదు, అది ప్రశ్నింపదు. అందుచే నవలనే ప్రశ్నింపనిచ్చు వాదములకు తావీయవలెను. ఆ పల్లెకు వెలుపల పుట్టిన సంస్కర్త వ్రాసిన గ్రంథమిది. రామదాసు అంతటి శాంతమూర్తిగా ఎందుకు చిత్రింపబడెను? సర్వమును కోల్పోయినను కోపింపని మనిషిని ఆదర్శముగ నిలుపుట ఎవరికి అనుకూలము? ఈ ప్రశ్నలను నేటి విమర్శకులు లేవనెత్తియున్నారు. ఒక విద్యార్థిని ఈ పక్షమును చేపట్టి, రామదాసుకన్న వెంకటదాసే సత్యమునకు దగ్గరగా నున్నాడని పుటలు చూపి వ్రాసినచో, అది ఉపాధ్యాయుని అభిరుచికి విరుద్ధమైనను పూర్తి మార్కులకు అర్హము. అట్లే, 1922నాటికి ఒక తెలుగు నవలలో మాలపల్లె పాలేరును కథానాయకునిగా, అతని తండ్రిని తత్త్వవేత్తగా నిలుపుటయే ఎంతటి తెగువయో నిరూపించు వ్యాసమును అంతే అర్హము. మార్కులు పక్షమునకు గాక పని తీరునకు పడుచున్నవని విద్యార్థులకు నమ్మకము కుదురనంతవరకు, వారు ఉపాధ్యాయుని మనస్సును ఊహించి వ్రాయుదురే గాని తమ మనస్సును విప్పరు. ఈ నమ్మకము ఒక్కనాట కుదురదు. రెండు మూడు వ్యాసములు దిద్ది ఇచ్చిన మీదట కుదురును.

ఎదుటిపక్షమును చెప్పుటలో బలహీనత అన్నిటికన్న మొండి జబ్బు. విద్యార్థి గడ్డిబొమ్మనొకదానిని నిలిపి దానిని పడగొట్టి గెలిచితిననుకొనును. ‘సంగదాసు చెడ్డవాడని కొందరందురు’ అని వ్రాసినచో, ఆ కొందరెవరు? నవల చదివినవాడెవ్వడును ఆ మాట అనడు. సంగవిజయమను పేరును కాదనువాడు నిజముగ చెప్పదగిన మాట వేరు. సంగదాసు శాంతిమార్గమును అతని తోడబుట్టినవాడే విడిచినాడు. చావునకు దగినంత కాలము న్యాయము జరుగలేదు. తుదకు కలిగిన శుభము కథలోనుండి పుట్టినదో, గ్రంథకర్త కోరికనుండి పుట్టినదో తేల్చుట కష్టము. ఈ మూడవ మాట మిక్కిలి బరువైనది. దీనికి బదులు చెప్పగలిగిన వ్యాసము నిలుచును, చెప్పలేకపోయినచో, తన నిర్ణయమును కొంత తగ్గించుకొని, ‘విజయము సంపూర్ణము కాదు, ఆరంభమైన విజయము’ అని దిద్దుకొనవలెను. తగ్గించుకొనుట ఓటమి కాదని పదునాలుగేండ్ల బాలునకు నచ్చజెప్పుట సులభము కాదు. వాదమునకును జల్పమునకును భేదము పాఠమున చెప్పిన దానికన్న ఇచట అనుభవమున తెలియును.

ఇందులకు ఒక ఉపాయము కలదు. వ్యాసములు పూర్తియైన పిదప, పేరు న్యాయమన్నవాని పుస్తకమును కాదన్నవానికిని, కాదన్నవాని పుస్తకమును ఔనన్నవానికిని మార్చి ఇచ్చుట. ప్రతివాడును ఎదుటివాని వ్యాసమున బలహీనమైన చోటును వెదకి, దానిని ఖండింపక, మరింత బలముగ తానే తిరిగి వ్రాయవలెను. ఒక పేరా చాలును. ఆ పేరాను మొదటివానికి చదివి వినిపించి, “నీవు చెప్పదలచినది ఇదియేనా?” అని అడుగవలెను. అతడు ఔననువరకు పని ముగియలేదు. నవల ఒక్క ప్రతియే యున్న తరగతిలోనైనను ఇది సాగును. ప్రతి బల్లనడుమ నుండును, ఎవరికి సందేహము కలిగిన వారు లేచి వచ్చి చూచుకొందురు.